మారిన సంఖ్య, మారని పాఠము

ఒక ప్రశ్నకు మూడు సమాధానములు గలవు. మూడును విద్వాంసులు చెప్పినవే. మూడును పేరుగన్న శాస్త్రపత్రికలలో అచ్చయినవే. వానిలో మిక్కిలి పెద్దది మిక్కిలి చిన్నదానికి పదునాలుగు రెట్లున్నది. ఇట్టి ప్రశ్నను మన పరీక్షాపత్రములో ఉంచినచో ఏ సమాధానమునకు మార్కులు వేయవలెను? ఉపాధ్యాయుడు చిక్కున పడును. విద్యార్థి అంతకు మించిన చిక్కున పడును. "పెద్దలకే తేలని సంగతి మమ్మడుగుట ఏల?" అని అతడు ప్రశ్నించినచో కాదనుట కష్టము.

కావుననే ఇట్టి సంగతులను మనము పాఠ్యపుస్తకముల దరిదాపులకు రానీయము. తేలినవానిని మాత్రమే అచ్చువేయుదుము. సంఖ్యచుట్టు పెట్టె గీసి చూపుదుము. విద్యార్థి దానిని వల్లెవేయును. ఈ పద్ధతి సుఖమైనది. కాని దీనివలన విజ్ఞానశాస్త్రమున అతి ముఖ్యమైన భాగము తరగతి గది గడప దాటి లోనికి రాకుండ పోవుచున్నదని నా అభిప్రాయము. ఒక సంఖ్య ఎట్లు పుట్టినది, ఎందుకు మారినది, ఎవరు మార్చిరి అను కథను విడిచి సంఖ్యను మాత్రము చెప్పుట విద్య కాదు. ఈ మాటకు సాక్ష్యముగా ఆకాశమునుండి ఒక గెలాక్సీని పిలుచుచున్నాను.

మార్గశిర మాసమున రాత్రి తొమ్మిది, పది గంటల వేళ ఉత్తరదిక్కుగా తిరిగి తల బాగుగా పైకెత్తి చూచినచో, కృత్తికలకును శర్మిష్ఠా మండలమునకును నడుమ పెర్సియస్ అను నక్షత్రమండలము కానవచ్చును. అందులో అల్గాల్ అను నక్షత్రమొకటి ప్రసిద్ధము. దానికి సుమారు రెండు డిగ్రీల ఎడమున, అనగా నాలుగు పూర్ణచంద్రులను వరుసగా పేర్చినంత దూరమున, వేయికి తక్కువకాని గెలాక్సీలు ఒక గుంపుగా నున్నవి. వట్టి కంటికి అచ్చట చీకటి తప్ప మరేమియు కనబడదు. ఆ గుంపు మనకు ఇంచుమించు 24 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. నేడు మన దూరదర్శినులలో పడుచున్న వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు భూమిపై రాకాసిబల్లుల తొలితరములు ఇంకను తలయెత్తుచున్నవి; మనుష్యజాతి జాడయే లేదు.

ఆ గుంపులోని ఒక గెలాక్సీని 1875 డిసెంబరు 4వ తేదీన నాల్గవ రాస్ ప్రభువు లారెన్స్ పార్సన్స్ గుర్తించెను. ఐర్లండులోని బిర్ కోట ఆయన నివాసము. ఆయన తండ్రి 72 అంగుళముల దర్పణముతో మహాదూరదర్శినిని నిర్మించినది అచ్చటనే. ఆ కోటలో కొంతకాలము సహాయకుడుగా పనిచేసిన డ్రెయర్ అను ఖగోళజ్ఞుడు 1888లో 7840 ఆకాశవస్తువులతో ఒక గొప్ప పట్టికను ప్రకటించెను. అందులో మన గెలాక్సీ వరుససంఖ్య 1277. నేటికిని దానికి వేరు పేరు లేదు, 'ఎన్.జి.సి. 1277' అనియే వ్యవహరించుచున్నారు.

ఈ జాతి గెలాక్సీలను ఆంగ్లమున 'లెంటిక్యులర్' అందురు. మాట కఠినముగా వినబడినను దాని పుట్టుక వంటింటిలోనిదే. లాటిన్ భాషలో 'లెన్స్' అనగా మసూరగింజ. నడుమ ఉబ్బి అంచులు పలుచబడిన గాజుబిళ్ల ఆ గింజవలె నుండుటచే దానికిని ఆ పేరే వచ్చినది. దానినే మన పుస్తకములు కటకమనుచున్నవి. 'కటకాకార గెలాక్సీ' అని వ్రాసినచో తప్పు లేదు. కాని పిల్లవాని అరచేతిలో నాలుగు మసూరగింజలు పోసి, ఒకదానిని మొదట ఎదురుగను పిదప అంచువైపునుండియు చూడుమన్నచో నిర్వచనముతో పనియుండదు. నడుమ నక్షత్రముల ఉబ్బు, దాని చుట్టు పళ్లెమువలె పరచుకొన్న నక్షత్రములు. సర్పిలములకుండు చుట్టుచేతులు లేవు. క్రొత్త నక్షత్రముల పుట్టుక దాదాపు లేదు. ఇదియే మసూరాకార గెలాక్సీ.

ఈ జాతి కథయే ఒక చిన్న పాఠము. ఎడ్విన్ హబుల్ 1936లో వెలువడిన తన గ్రంథమున గెలాక్సీలను శ్రుతిదండపు ఆకారమున వరుసపెట్టెను. పిడివైపు దీర్ఘవృత్తాకారములు, రెండు కొమ్మలపై సర్పిలములు. పిడి చీలి కొమ్మలగు చోట ఏదో ఒకటి ఉండవలెనని ఆయనకు తోచెను. అచ్చట ఒక స్థానమును కల్పించి, అది ఇంచుమించు ఊహామాత్రమని తానే ఒప్పుకొనెను. తరువాతి ఛాయాచిత్రములలో ఆ స్థానమునకు తగిన గెలాక్సీలు అనేకములు దొరకినవి. ఊహను ఊహయని చెప్పి, ఆ స్థానమును ఖాళీగా ఉంచగలిగిన నిజాయితీ హబుల్ పటమునకు తక్కువ తేలేదు. దానికి ఆయువు పోసినది.

అటుపిమ్మట ఇవి ఎచ్చట ఎక్కువగా నుండును అను ప్రశ్న బయలుదేరినది. 1980లో అలాన్ డ్రెస్లర్ 55 గుంపులను పరిశీలించి, గెలాక్సీలు దట్టముగా క్రిక్కిరిసిన చోట సర్పిలములు తగ్గుచు, మసూరాకారములును దీర్ఘవృత్తాకారములును పెరుగుచున్నవని చూపెను. దీనికి ఒక కారణమును 1972లోనే జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ సూచించి యుండిరి. ఇట్టి గుంపులలో గెలాక్సీల నడుమనున్న చోటు శూన్యము కాదు. కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువు అంతటను నిండియున్నది. అందులో వేగముగా పరుగిడు గెలాక్సీకి అది ఎదురుగాలియగును. ఎదురుగాలిలో నడచువాని ఉత్తరీయము ఎగిరిపోయినట్లు గెలాక్సీలోని వాయువు ఊడిపోవును. వాయువే క్రొత్త నక్షత్రములకు ముడిసరుకు. అది లేనిచో పుట్టుకలు ఆగిపోవును, చుట్టుచేతులు మాసిపోవును, సర్పిలము మసూరగింజగా మిగులును.

వినుటకు చక్కని కథ. చాల గెలాక్సీలకు ఇది వర్తించును కూడ. కాని 1277 ఈ కథకు లొంగలేదు. 2014లో ఇగ్నాసియో ట్రుహియో బృందము దాని నక్షత్రముల వెలుగును విశ్లేషించి, అంతటను నక్షత్రముల వయస్సు 1000 కోట్ల సంవత్సరములకు పైబడినదని తేల్చిరి. అనగా ఇది నిన్నమొన్న చేతులు పోగొట్టుకొన్న సర్పిలము కాదు. విశ్వము బాల్యముననే తన నక్షత్రములను ఒక్కపెట్టున పుట్టించి, అంతటితో ఆగిపోయినది. 2018లో మైకేల్ బీస్లీ బృందము హబుల్ దూరదర్శినితో దాని చుట్టునున్న గోళాకార నక్షత్రగుచ్ఛములను పరిశీలించిరి. పెద్ద గెలాక్సీలకు ఎర్రనివి, నీలపువి అని రెండు తెగల గుచ్ఛములుండుట వాడుక. ఎర్రనివి గెలాక్సీతోబాటు పుట్టినవి. నీలపువానిలో అధికభాగము, అది మ్రింగిన చిన్న గెలాక్సీలు తెచ్చి యిచ్చినవి. 1277 చుట్టు నీలపు గుచ్ఛములు దాదాపు లేవు. పుట్టినది మొదలు అది ఇరుగుపొరుగును కబళింపలేదన్నమాట. మన పాలపుంతకు రెండింతల నక్షత్రములున్నను, పరిమాణమున దానిలో నాలుగవ వంతు మాత్రమే. గుంపులో గంటకు సుమారు 32 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవుచున్నందున ఇతర గెలాక్సీలతో కలిసిపోవుటకు దానికి వీలు చిక్కలేదని వారి వివరణము.

ఆకారము ఒకటే, చరిత్రలు వేరు. మసూరాకారమనగానే కారణము కూడ తెలిసిపోయినదని తలచువారికి ఇది మొదటి హెచ్చరిక. రెండవ హెచ్చరిక ఆ గెలాక్సీ నడుగర్భమున నున్నది. వ్యాసారంభమున చెప్పిన మూడు సమాధానములు అచ్చటివే.

2012 నవంబరులో 'నేచర్' పత్రికలో రెమ్కో వాన్ డెన్ బాష్ బృందము ఒక వ్యాసము ప్రకటించిరి. 1277 నడుమ నొక కృష్ణబిలము కలదనియు, దాని ద్రవ్యరాశి 1700 కోట్ల సూర్యులకు సమానమనియు, హెచ్చుతగ్గులు 300 కోట్లు ఉండవచ్చుననియు దాని సారాంశము. ఆ గెలాక్సీలోని నక్షత్రముల మొత్తము ద్రవ్యరాశి 12000 కోట్ల సూర్యులు. అందులో 14 శాతమంత బరువు ఒక్క బిలమునకే యున్నదనుట ఖగోళజ్ఞులను నివ్వెరపరచినది. సాధారణముగా ఈ పాలు నూటికి ఒకటి కూడ కాదు. వార్తాపత్రికలు పెద్ద అక్షరములతో ప్రకటించినవి. ఆ సంవత్సరము పోటీపరీక్షలకు చదివిన విద్యార్థులలో కొందరు ఈ సంఖ్యను తప్పక వల్లెవేసి యుందురు.

మరుసటి ఏటనే, 2013లో, ఎరిక్ ఎమ్సెల్లెం హబుల్ చిత్రముల ఆధారమున వేరొక నమూనా నిర్మించి, 500 కోట్ల సూర్యుల బిలముతో కూడ పరిశీలనలలో అధికభాగము సరిపోవునని చూపెను. 2016లో జోనెల్ వాల్ష్ బృందము హవాయి ద్వీపపు శిఖరముపైనున్న జెమినీ దూరదర్శినితో, వాతావరణపు కదలికను సరిదిద్దు ఏర్పాటుతో, గెలాక్సీ నడిబొడ్డును మునుపటికంటె ఎంతో సూక్ష్మముగా పరిశీలించి 490 కోట్లని నిర్ణయించిరి. హెచ్చుతగ్గులు 160 కోట్లు. అదే సంవత్సరమున అలిస్టర్ గ్రాహం బృందము మరియొక లెక్కతో 120 కోట్లకు దిగిరి.

ఇచ్చట పాఠకులు ఒక సంగతిని గమనింపవలెను. 2016లో 490 కోట్లని చెప్పిన వ్యాసముపై వాల్ష్ పేరు తరువాత రెండవ పేరు ఎవరిది? 2012లో 1700 కోట్లని చెప్పిన వాన్ డెన్ బాష్‌ది. తనకు పేరు తెచ్చిన సంఖ్యను మూడవ వంతుకంటె తక్కువకు దించు వ్యాసముపై ఆయన స్వయముగ సంతకము చేసెను. ఈ ఒక్క సంగతిని తరగతిలో చెప్పినచో చాలును. నీతిపాఠమునకు వేరు పీరియడు అక్కరలేదు.

సంఖ్య ఎందుకు మారినదో కూడ చెప్పవలెను. చెప్పనిచో అది వట్టి వింతవార్తయే యగును. కృష్ణబిలము కంటికి కనబడునది కాదు. దాని చుట్టు తిరుగు నక్షత్రముల వేగమును వెలుగులోని వర్ణపటమునుబట్టి కొలిచి, అంత వేగముగ త్రిప్పుటకు లోపల ఎంత బరువుండవలెనో లెక్కింతురు. ఇది ధాన్యపు బండిని తూచుటవంటిది. బండితోసహా మొత్తము తూకము కాటాపై తెలియును. అందులో బండి ఎంత, ధాన్యమెంత? ఖాళీ బండి బరువును మనము ఊహించినదానినిబట్టి ధాన్యపు లెక్క మారును. అట్లే గెలాక్సీ నడుమనున్న బరువులో నక్షత్రముల పాలెంత, బిలము పాలెంత అను పంపకము, నక్షత్రములు ఎట్టివి, ఏ త్రోవలలో తిరుగుచున్నవి అని మనము వేసికొన్న నమూనాపై ఆధారపడి యున్నది. చూపు సూక్ష్మమైనకొలది పంపకము మారినది.

మరియొక సూక్ష్మము. మొదటి లెక్క ప్రకారము బిలము 1400 కోట్లకు తగ్గరాదు. 2016 నాటి లెక్క ప్రకారము 650 కోట్లకు మించరాదు. రెండు హద్దులును ఒకదానినొకటి తాకనైన తాకవు. అట్లయిన ఆ హద్దులు వ్యర్థములా? కావు. కొలతలోని చెదురుపాటును అవి సరిగానే చెప్పినవి. కొలతకు పునాదియైన నమూనాలోని లోపమును మాత్రము చెప్పజాలవు. ఈ రెండు తరగతుల పొరపాట్లకును గల భేదము తెలియని విద్యార్థి ఎన్ని సూత్రములు నేర్చినను కొలత యననేమో ఎరుగడు.

ఇచ్చట కొందరు ఉపాధ్యాయ మిత్రులు ఒక అభ్యంతరము చెప్పుదురు. "అయ్యా, మీ మాట విని, శాస్త్రజ్ఞుల సంఖ్యలు ఇట్లు మారుచుండునని పిల్లలకు చెప్పినచో, వారికి శాస్త్రముపైననే నమ్మకము పోవును. 'వారికే నిలుకడ లేదు. జాతకమును మాత్రము ఎందుకు కాదనవలెను?' అని అందురు" అని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. అరకొరగా చెప్పిన అనిశ్చయము మూఢనమ్మకమునకు తలుపు తెరచుననుట నిజము.

కాని దీనికి మందు దాచుట కాదు, పూర్తిగా చెప్పుట. మూడు సంఖ్యలు మారినవి. కాని మారనివి ఎన్ని? గెలాక్సీ దూరమును ఆ వివాదము కదల్చలేదు. మసూరాకారము మారలేదు. నక్షత్రములు వృద్ధులనుట మారలేదు. నడుమ కోట్ల సూర్యులంత బరువుగల బిలమున్నదనుట మూడు లెక్కలకును సమ్మతమే. మారినది దాని పరిమాణమొక్కటే. అదియు ఎవరి ఇష్టముచేతనో, ఎవరి పలుకుబడిచేతనో కాదు, మెరుగైన చూపుచేత, బహిరంగముగ, కారణము చెప్పి మారినది. జాతకము చెప్పువాడు తన తప్పును కొలిచి, హద్దు వ్రాసి, తానే సరిదిద్దుకొని ప్రకటించిన సందర్భమెచ్చటనైన నున్నచో అప్పుడు రెంటిని పోల్చవచ్చును. భూమి గుండ్రముగ నున్నదనుటయు, 1277 బిలము ఇన్ని కోట్లనుటయు ఒకే పాటి నిశ్చయముగల మాటలు కావు. ఏది గట్టినేల, ఏది ఇంకను తడియారని నేల అని చూపగలుగుటయే విజ్ఞానోపాధ్యాయుని పని. అంతటిని ఒకే గట్టినేలగా చూపిన నాడు, ఎప్పుడో ఒక సంఖ్య మారినదని వార్త చదివి, విద్యార్థి మొత్తము నేలనే శంకించును. నమ్మకము పోగొట్టునది మార్పు కాదు. మార్పుండదని మనము చెప్పిన మాట.

దీనికై పాఠ్యప్రణాళికను తలక్రిందులు చేయనక్కరలేదు. పనిభారముతో నలుగు ఉపాధ్యాయులకు క్రొత్త బరువు వేయుట నా ఉద్దేశమును కాదు. ఏడాదికి ఒకటి రెండు పీరియడులు చాలును. తరగతిలోని బల్ల పొడవును పదిమంది పిల్లలచే కొలిపించి, పది సంఖ్యలను నల్లబల్లపై వ్రాసి, 'సరియైనది' అని ఏ ఒక్కదానిచుట్టును గీత గీయకుండ ఉంచుడు. చెదురుపాటు అననేమో వారికే తెలియును. పిదప సున్న వైపు అరిగిపోయిన స్కేలునొకదానిని ఇచ్చి కొలిపింపుడు. ఇప్పుడు పదిమంది సంఖ్యలును చక్కగా ఒక్కటగును, అందరును ఒకే రీతిగ తప్పుదురు. ఏకాభిప్రాయము వేరు, సత్యము వేరు అను భేదమును ఇంతకంటె చౌకగా బోధింపజాలము. ఆ తరువాత 1277 కథ చెప్పినచో అది వారికి ఆకాశవింతగా గాక, తాము ఇప్పుడే చేసిన పనిగా తోచును. పాఠ్యపుస్తకములు వ్రాయువారు కూడ ఇట్టి సంఖ్యలప్రక్క, కొలిచిన సంవత్సరమును, హెచ్చుతగ్గుల హద్దును అచ్చువేసినచో ఎంతయో మేలు. పట్టుమని పది అక్షరముల చోటు కూడ పట్టదు.

1277 కథ ఇంకను ముగియలేదు. 2023లో సెబాస్టియన్ కొమెరోన్ బృందము, కనుపించు ఆ గెలాక్సీ పరిధిలో కృష్ణపదార్థము 5 శాతమునకు మించదని ప్రకటించిరి. అంత బరువైన గెలాక్సీలో 10 నుండి 70 శాతము వరకు ఉండవలెనని సిద్ధాంతము చెప్పుచున్నది. ఉండవలసినది ఏమైనది? గుంపులోని తాకిడికి ఊడిపోయినదా, మొదటినుండియు లేదా? ఈ ప్రశ్న నేడు తరగతిలో కూర్చున్న వారి కొరకు నిలిచియున్నది. కాని తెలియనిదానిని చూడనివానికి దానిని వెదకవలెనను కోరిక ఎట్లు పుట్టును? అన్నియు తేలిపోయినవని చెప్పి పంపిన విద్యార్థి ఉద్యోగి కాగలడు, పరిశోధకుడగుట కష్టము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. ఎన్.జి.సి. 1277 నడుమనున్న కృష్ణబిలము ఎంత? ఈ ప్రశ్న నా చేతికి వచ్చినచో మార్కులు ఇట్లు వేయుదును. మూడు సంఖ్యలలో ఏదో ఒకదానిని మాత్రము వ్రాసిన వానికి సగము మార్కులు. '2012లో 1700 కోట్ల సూర్యులనిరి. చూపు మెరుగై నమూనా మారినందున 2016లో ఆ శాస్త్రజ్ఞుడే పాల్గొని 490 కోట్లనెను. మరియొకరు 120 కోట్లనిరి. ఇంకను తేలవలసి యున్నది' అని వ్రాసిన వానికి పూర్తి మార్కులు.